మిర్చి యార్డులో తెగించిన నాన్నగారు ఇప్పుడెందుకు జంకుతున్నారు?

ప్రశ్న: మాది గుంటూరు. మా నాన్నగారికి 71 ఏళ్లు. మిర్చి యార్డులో ముప్పై ఏళ్లకు పైగా కమిషన్ వ్యాపారం చేశారు. ఒక ఏడాది చేతిలో ఉన్నదంతా పెట్టి కాయ కొని, కోల్డ్ స్టోరేజీలో దాచి, ధర కోసం ఎనిమిది నెలలు ఎదురుచూశారు. ఆ లాభంతోనే మేముంటున్న ఇల్లు కట్టారు. ఇప్పుడు మా తమ్ముడు ఉద్యోగం మానేసి మంగళగిరి దగ్గర కారం మిల్లు పెడతానంటున్నాడు. బ్యాంకు అప్పుకు ఇల్లు తాకట్టు పెట్టమంటే నాన్నగారు సంతకం చేయనంటున్నారు. అదే మనిషి గత నెలలో ఫోనులో ఎవరో షేర్ల గ్రూపు అని చెబితే లక్షా ఎనభై వేలు పంపించి పోగొట్టుకున్నారు. చూపు మందగించినా రాత్రిపూట స్కూటరు మానరు. నాన్న పిరికివాడైపోయాడని తమ్ముడు, మొండివాడయ్యాడని అమ్మ అంటున్నారు. వయసు మీద పడితే మనిషికి తెగువ తగ్గుతుందా, పెరుగుతుందా? మేమేం చేయాలి?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ప్రశ్నకు వెళ్లే ముందు ఒక అత్యవసరమైన మాట. పోయిన డబ్బు గురించి ఫిర్యాదు చేశారో లేదో మీ ఉత్తరంలో లేదు. చేయకపోతే ఈ రోజే సైబర్ మోసాల ఫిర్యాదుల నంబరు 1930కి ఫోన్ చేయండి. కేంద్ర హోంశాఖ నడిపే సైబర్ నేరాల పోర్టల్‌లో కూడా వివరాలు నమోదు చేయించండి. డబ్బు వెళ్లిన తేదీ, సమయం, లావాదేవీ సంఖ్య, అవతలి ఖాతా వివరాలు, వాట్సాప్ సందేశాలు అన్నీ భద్రంగా ఉంచండి. సిగ్గుతో నాన్నగారు వాటిని తుడిచేస్తారేమో చూసుకోండి. ఇలాంటి డబ్బు గంటల్లోనే ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు మారిపోతుంది కాబట్టి నెల దాటాక తిరిగి రావడం కష్టమే. అయినా ఫిర్యాదు ఉండాలి. దానితోపాటు, ఒకసారి మోసపోయినవారికి "మీ డబ్బు మేము వెనక్కి ఇప్పిస్తాం, ముందు కొంత ఫీజు కట్టండి" అని మరో ఫోను వస్తుందని నాన్నగారికి ముందే చెప్పి ఉంచండి. అది కూడా మోసమే.

ఇక మీరడిగిన ప్రశ్న. నేను విజయవాడలో ముప్పై నాలుగేళ్లు బ్యాంకు ఉద్యోగం చేసి పదవీ విరమణ పొందినవాణ్ణి. నా వయసు 68. అంటే నేను మీ తరఫున కన్నా మీ నాన్నగారి వైపు నుంచే దీన్ని ఎక్కువగా చూస్తాను. మీ తమ్ముడు, అమ్మగారు చెరో మాటా అనడానికి కారణం, తెగువ అనేది మనిషి లోపల ఉండే ఒకే ఒక గుణమని, అది వయసుతోపాటు పెరగడమో తగ్గడమో జరుగుతుందని అనుకోవడమే. ఇల్లు తాకట్టు పెట్టనన్న మనిషి, ముక్కూ మొహం తెలియని వాడికి డబ్బు పంపిన మనిషి, చీకట్లో స్కూటరు తీసిన మనిషి ఒక్కరే అయినా, ఆ మూడు పనుల వెనుక ఉన్న కారణాలు మూడూ వేరు. వాటిని ఒక గాటన కట్టినంత కాలం మీకు జవాబు దొరకదు.

ముందుగా ఇంటి సంగతి. చిన్న లెక్క వేసి చూడండి. నలభై ఏళ్ల మనిషి 20 లక్షలు పోగొట్టుకుంటే, అరవై వచ్చేలోగా 240 నెలలు ఉంటాయి. వడ్డీ సంగతి వదిలేసినా, నెలకు 8,333 రూపాయల చొప్పున కూడబెడితే ఆ గొయ్యి పూడుతుంది. రాత్రి ఇంకో రెండు గంటలు పని చేయవచ్చు, ఊరు మారవచ్చు, భార్య కూడా ఉద్యోగంలో చేరవచ్చు. 71 ఏళ్ల మనిషికి అదే 20 లక్షలు పోతే పూడ్చడానికి జీతమూ లేదు, సీజనూ లేదు. నష్టం మొత్తం ఒక్కటే, తట్టుకునే సత్తా ఒక్కటి కాదు. వయసులో ఉన్నవారు పెట్టుబడిలో ఎక్కువ తెగించవచ్చని ఆర్థికవేత్తలు చెప్పేది కూడా ఈ కారణంతోనే: వారి అసలు ఆస్తి బ్యాంకులో ఉన్న డబ్బు కాదు, ఇంకా చేయగలిగిన పని. ఆ ఆస్తి ఏటేటా కరిగిపోతుంది. కరిగిపోయిందని గుర్తించి జాగ్రత్త పడిన మనిషిని పిరికివాడనడం అన్యాయం.

మీ నాన్నగారు అప్పట్లో కాయ దాచిన సంగతిని కూడా మీ తమ్ముడు మరోసారి నిదానంగా తలచుకుంటే మంచిది. బయటి నుంచి చూసేవారికి అది జూదంలా కనిపిస్తుంది. యార్డులో పెరిగిన మనిషికి అది జూదం కాదు. టిక్కీలోకి, అంటే మిర్చి బస్తాలోకి, చెయ్యి దూర్చి, గుప్పెడు కాయలు తీసి చెవి దగ్గర ఆడించి, లోపల గింజ గలగలలాడుతోందో, తేమతో మెత్తగా చప్పుడు లేకుండా ఉందో వినడం నేను కళ్లారా చూశాను. కోల్డ్ స్టోరేజీ బాండ్లు తెచ్చి అప్పు అడిగే వ్యాపారుల కోసం, బ్యాంకు తరఫున సరుకు చూడడానికి ఎన్నోసార్లు వెళ్లినవాణ్ణి. తొడిమ రంగు, తాలు (రంగు చెడిన నాసి కాయ) ఎంత శాతం, ఆ ఏడాది ఏ జిల్లాలో ఎంత విస్తీర్ణంలో వేశారు, పాత నిల్వ ఎంత ఉంది, ఇవన్నీ వారి వేళ్ల మీద ఉండేవి. అంతకన్నా ముఖ్యం, ధర పడిపోయినా చేతిలో సరుకు మిగులుతుంది, మళ్లీ ఏడాది మళ్లీ పంట వస్తుంది. ఆయన తెగించింది తనకు తెలిసిన వస్తువు మీద, తన సొంత నిర్ణయంతో, తప్పు జరిగితే దిద్దుకునే వయసులో.

ఇప్పుడు ఆయనను అడుగుతున్నది వేరు. నిర్ణయం కొడుకుది, నడిపేది కొడుకు, పోతే పోయేది తానుంటున్న కప్పు. పైగా మిర్చి గురించి ఆయనకు తెలిసినంత మీ తమ్ముడికి తెలియదు. 2021-22లో నల్ల తామర పురుగు వచ్చి తోటలను తుడిచిపెట్టడం, ఆ తర్వాత 2023లో మేలురకం కాయ క్వింటాలు ఇరవై వేలు దాటడం, అది చూసి రైతులు ఆశపడడం, 2025 ఫిబ్రవరి నాటికి ధర సగానికి పడిపోయి కేంద్రం జోక్యం చేసుకుని క్వింటాలుకు 11,781 రూపాయలు ఖరారు చేయాల్సి రావడం, ఇదంతా ఆయన కళ్ల ముందు జరిగింది. నాలుగేళ్లలో ఇన్ని ఎగుడుదిగుళ్లు చూసిన ముడిసరుకు మీద నడిచే మిల్లుకు ఇల్లు తాకట్టు పెట్టనంటే, ఆ మాటలో భయం పాలు ఎంతో, అనుభవం పాలు ఎంతో మీరు కూర్చుని అడగాలి. "ఈ వయసులో ఎందుకు" అని పెద్దవారు ఒక్క మాటలో తేల్చేస్తారు. ఆ ఒక్క మాట వెనుక ఇరవై కారణాలు ఉంటాయి. అవి చెప్పడానికి ఎవరూ అడగలేదు గనుక చెప్పి ఉండరు.

వయసుతో తెగువ తగ్గడం ప్రపంచమంతటా కనిపించే సంగతే. 77 దేశాలలో లక్షన్నరకు కాస్త తక్కువ మంది ఇచ్చిన జవాబులను విశ్లేషించి 2016లో ప్రచురించిన అధ్యయనంలో, చాలా దేశాలలో వయసు పెరిగేకొద్దీ సాహసాల మీద మొగ్గు తగ్గుతూ వచ్చింది. నాకు ముఖ్యంగా తోచింది అందులోని రెండో సగం: బతుకు కష్టంగా ఉన్న దేశాలలో ఆ తగ్గుదల అంతగా లేదు. ఈ మాట చదవగానే మన పల్లెల్లో డెబ్బై ఏళ్లకు కూడా అప్పు తెచ్చి మూడెకరాలు కౌలుకు చేసే ముసలి రైతులు నాకు కళ్ల ముందు కదిలారు. వారికి పింఛను చాలదు, దాచుకున్నది లేదు. తెగించకపోతే పొయ్యి వెలగదు. వారి తెగువ కండబలం వల్ల వచ్చింది కాదు, గత్యంతరం లేక వచ్చింది. అలాగే మీ నాన్నగారి జంకు కూడా నరాల బలహీనత కాకపోవచ్చు. కాపాడుకోవలసింది ఒకటి ఆయన చేతిలో ఉంది, అంతే.

ఎదురుచూడడం అనేదే పెద్ద వయసులో ఒక నష్టభయం. ఇది మీ జిల్లా వారికి నేను చెప్పనక్కరలేదు. 2015లో అమరావతి కోసం 33,000 ఎకరాలకు పైగా భూమిని రైతులు సమీకరణ కింద ఇచ్చినప్పుడు, మెట్టకు ఎకరాకు ఏటా 30,000, జరీబుకు (నీటి వసతి ఉన్న సారవంతమైన భూమికి) 50,000 రూపాయల కౌలును ఏటేటా కొంత పెంచుతూ పదేళ్ల పాటు ఇస్తామన్నారు, అభివృద్ధి చేసిన ప్లాట్లు ఇస్తామన్నారు. 2019 చివరలో మూడు రాజధానుల ప్రకటనతో అంతా నిలిచిపోయి, 2024లో కానీ పనులకు మళ్లీ దారి పడలేదు. భూమి ఇచ్చినప్పుడు ముప్పై ఏళ్లున్న రైతుకు ఇది జీవితంలో ఒక చేదు విరామం. అప్పుడే అరవై ఏళ్లున్న రైతుకు ఇప్పుడు డెబ్బై దాటింది. ఫలితం రేపు వచ్చినా అనుభవించే ఏళ్లు ఎన్ని అన్నది ఆయన లెక్క. మీ తమ్ముడి మిల్లు నిలదొక్కుకోవడానికి ఆరేడేళ్లు పడుతుందనుకుంటే, ఆ ఆరేడేళ్లు మీ నాన్నగారి దృష్టిలో ఎంత పొడవో ఆలోచించండి.

మరో పరిశోధన మీ ఇంటికి నేరుగా పనికొస్తుంది. లండన్ పరిశోధకులు ఫోనులో ఒక ఆట పెట్టి, 18 నుంచి 69 ఏళ్ల మధ్య వయసున్న పాతికవేల మందికి పైగా ఎలా ఆడారో గమనించి 2016లోనే ఫలితాలు ప్రకటించారు. పెద్ద లాభం కోసం ఉన్నది పణం పెట్టే ఆటల్లో వయసు పెరిగినవారు వెనక్కి తగ్గారు. నష్టాన్ని తప్పించుకోవడం కోసం తెగించవలసిన ఆటల్లో మాత్రం చిన్నవారికీ పెద్దవారికీ తేడా కనిపించలేదు. అంటే వయసుతో పెరిగింది నష్టమంటే భయం కాదు, తగ్గింది లాభం పట్ల ఆకర్షణ. మీ తమ్ముడు నాన్నగారి ముందు కూర్చుని "మూడో ఏడు నుంచి నెలకు ఇంత మిగులుతుంది" అని కాగితాలు చూపిస్తున్నాడేమో నాకు తెలియదు కానీ, చూపిస్తుంటే అది పెద్దాయన మనసుకు తగిలే మాట కాదు. "మిల్లు మూతపడితే గరిష్ఠంగా పోయేది ఇంత, ఆ తర్వాత కూడా మీ ఇల్లు, మీ నెలవారీ రాబడి చెక్కుచెదరవు" అని చూపించగలిగితే ఆయన వింటారు. అలా చూపించలేకపోతే ఆ పథకంలోనే లోపం ఉంది.

నా అభిప్రాయం దాచకుండా చెబుతాను. ఆయన ఇల్లు తాకట్టు పెట్టకూడదు. 2002 నాటి సర్ఫేసీ చట్టం ప్రకారం, కిస్తీలు ఆగి ఖాతా మొండి బకాయిగా మారాక బ్యాంకు 60 రోజుల నోటీసు ఇచ్చి, కోర్టు గడప తొక్కకుండానే తాకట్టు ఆస్తిని స్వాధీనం చేసుకునే ప్రక్రియ మొదలుపెట్టవచ్చు. అలాంటి నోటీసులు నా చేతులతో ఇచ్చినవాణ్ణి. తలుపు తీసి ఆ కాగితం అందుకునేది చాలాసార్లు అప్పు తీసుకున్న కొడుకు కాదు, హామీ సంతకం పెట్టిన తండ్రో, ఏం జరుగుతోందో అర్థం కాని తల్లో. ఆ ఇల్లు మీ నాన్నగారి ఒక్కరిదే కాదు, మీ అమ్మగారి నీడ కూడా. మీ తమ్ముడికి వేరే దారులున్నాయి. సూక్ష్మ, చిన్న పరిశ్రమలకు కనీసం 10 లక్షల దాకా ఇచ్చే అప్పుకు బ్యాంకులు ఆస్తి హామీ అడగకూడదని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. అంతకు మించిన అప్పుకు, కొంత రుసుముతో, ప్రభుత్వ రుణ హామీ నిధి కింద ఆస్తి తాకట్టు లేకుండా ఇచ్చే వీలుంది. ముందు ఈ రెండింటి గురించి బ్యాంకులో రాతపూర్వకంగా అడగమనండి. సొంత యంత్రాలు కొనే ముందు ఏడాది పాటు కాయ కొని, వేరేవారి మిల్లులో కూలికి ఆడించి, ప్యాకెట్లు కట్టి అమ్మి చూడమనండి. గిరాకీ ఉందో లేదో తేలడానికి ఇల్లు పణం పెట్టనక్కరలేదు.

నాన్నగారికి సాయం చేయాలనే ఉంటే, పోయినా రాత్రి నిద్ర పట్టేంత మొత్తం ఎంతో ఆయననే చెప్పమనండి. అది రెండు లక్షలా, ఐదు లక్షలా అన్నది ఆయన ఇష్టం. ఆ మొత్తం ఇచ్చి అక్కడితో ఆపాలి. మిగిలిన పొదుపులో వీలైనంత భాగం కేంద్ర ప్రభుత్వ పెద్దల పొదుపు పథకంలో (సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్) ఉంచితే మంచిది. 60 దాటినవారు అందులో 30 లక్షల దాకా వేసుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో ఖరారైన 8.2 శాతం వడ్డీ లెక్కన 30 లక్షలకు మూడు నెలలకోసారి 61,500 రూపాయలు చేతికొస్తాయి. నెల గడుస్తుందన్న ధీమా ఉన్న మనిషి కొడుకు విషయంలో ఇంకాస్త ఉదారంగా ఆలోచించగలడు. ఇది నేను ఎన్నో ఇళ్లలో చూశాను.

ఇక ఫోను మోసం. లాభం మీద ఆకర్షణ తగ్గిన మనిషి షేర్ల గ్రూపుకు ఎలా లొంగారని మీకు సందేహం రావచ్చు. నా అనుభవంలో పెద్దవారు ఇలాంటి చోట లొంగేది ఆశకు కాదు, మాటకు. కాలిఫోర్నియా పరిశోధకులు 2012లో ఒక విషయం చూపించారు: మోసగాళ్లలా అనిపించే ముఖాల ఫోటోలు చూపించినప్పుడు, చిన్నవారు వెంటనే అనుమానించారు, పెద్దవారు మాత్రం వాటిని అంతకన్నా ఎక్కువగా నమ్మదగినవిగా భావించారు. "ఇందులో ఏదో తేడా ఉంది" అని కడుపులో మెలిపెట్టే భావనకు సంబంధించిన మెదడు భాగం కూడా పెద్దవారిలో తక్కువగా స్పందించింది. అమెరికాలోనే జరిగిన మరో అధ్యయనంలో, 60 దాటాక ఆర్థిక విషయాల పరిజ్ఞానం ఏటా దాదాపు ఒక శాతం పాయింటు చొప్పున తగ్గుతూ వచ్చింది, తమ నిర్ణయాల మీద నమ్మకం మాత్రం తగ్గలేదు. ప్రమాదమంతా ఆ ఖాళీలో ఉంది. నాకూ 68 దాటుతున్నాయి కాబట్టి ఈ మాట నాకు నేను చెప్పుకుంటున్నట్టే రాస్తున్నాను.

ఉద్యోగం చివరి ఏళ్లలో ఒక పెద్దాయన మా కౌంటరుకు వచ్చి ఫిక్స్‌డ్ డిపాజిట్ రద్దు చేయమన్నారు. చొక్కా జేబులో ఫోను, కాల్ ఆన్‌లోనే ఉంది, తెర వెలుగుతోంది. ఎందుకండీ అని అడిగితే ఇంటి మరమ్మతులన్నారు, కానీ జేబు వైపు చూసి గొంతు తగ్గించారు. లోపలికి పిలిచి మంచినీళ్లిచ్చి, ఫోను బల్ల మీద పెట్టి కట్ చేయమన్నాక అసలు సంగతి చెప్పారు. రోజూ పొద్దున్నే "సార్, టిఫిన్ చేశారా, బీపీ మాత్ర వేసుకున్నారా" అని అడిగే కుర్రాడు, తన సొంత కొడుకు నెలకోసారి చేసే ఫోను కన్నా ఆత్మీయంగా అనిపించాడట. మొదట ఐదు వేలు పెడితే ఆరు వేలు తిరిగి ఇచ్చాడట. "మీ ఇంట్లో వాళ్లకు చెప్పకండి, లాభం చూపించి ఆశ్చర్యపరచండి" అన్నాడట. ముందు కాస్త లాభం చేతికిచ్చి నమ్మించడం, ఆ తర్వాత రహస్యం పాటించమనడం, ఈ రెండూ ఇలాంటి మోసాలన్నిటిలో కనిపిస్తాయి. మీ నాన్నగారి విషయంలో కూడా ఇవి ఉన్నాయేమో నెమ్మదిగా అడగండి. తప్పు పట్టే గొంతుతో అడిగితే రెండోసారి జరిగినప్పుడు అసలు చెప్పరు.

ఫోను లాక్కోవద్దు. ఫోన్ పే, గూగుల్ పే వంటివి వాడే ఖాతాను వేరు చేసి, అందులో నెల ఖర్చుకు సరిపడా డబ్బు మాత్రమే ఉంచండి. ఆ ఖాతాకు రోజువారీ పరిమితి తగ్గించమని బ్యాంకులో అడగండి. డిపాజిట్లు ఉన్న ఖాతాను ఫోనుతో కలపకండి. పదివేలు దాటిన ఏ చెల్లింపు అయినా ఒక రాత్రి ఆగి, మర్నాడు ఇంట్లో ఒకరికి చెప్పి చేయాలన్న నియమం ఇంటిల్లిపాదీ పెట్టుకోండి. ఆయన ఒక్కరికే పెడితే అవమానం, అందరికీ పెడితే పద్ధతి. పోలీసులమనో, సీబీఐ అధికారులమనో వీడియో కాల్‌లో బెదిరించి "డిజిటల్ అరెస్టు" అనేవాళ్ల గురించి కూడా చెప్పండి. మన చట్టంలో అలాంటి అరెస్టు లేనే లేదు.

స్కూటరు విషయంలో ఎక్కువ ఆలోచించనక్కరలేదు. అది తెగువ కాదు, అలవాటు. చూపు రోజుకింత చొప్పున మందగిస్తుంది కాబట్టి తగ్గినట్టు ఆయనకే తెలియదు. కంటి పరీక్ష చేయించండి. శుక్లమైతే ఆపరేషన్‌తో చాలావరకు సరిపోతుంది. 55 దాటినవారి లైసెన్సు ఐదేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి, దానికి వైద్య ధ్రువపత్రం కావాలి. ఆయన లైసెన్సు గడువు ఎప్పటి దాకా ఉందో చూడండి. వైద్యుడు చెప్పే దాకా రాత్రిపూట ఆటోలో వెళ్లమని మీ అమ్మగారి చేత చెప్పించండి.

చివరిగా, మీ తమ్ముడికి ఒక మాట చేరవేయండి. వయసుతో లెక్కల వేగం, కొత్త విషయం పట్టుకునే చురుకు తగ్గుతాయి. ఏళ్ల తరబడి చేతితో చేసి నేర్చుకున్న నేర్పు అంత త్వరగా పోదు. ఆయన తన ఇల్లు ఇవ్వనన్నారు, తన చేయి ఇవ్వనలేదు. ఫిబ్రవరి నుంచి కొత్త కాయ యార్డుకు జోరుగా వస్తుంది. మే నెలలో వేసవి సెలవులకు యార్డు మూసేలోగా, వారానికి రెండు రోజులు పొద్దున్నే తమ్ముడు నాన్నగారిని ఆటోలో వెంటబెట్టుకుని వెళ్లమనండి. కారానికి ఏ లాటు కొనవచ్చో, ఏది ముట్టుకోకూడదో ఆయన చెబుతుంటే పక్కన నిలబడి రాసుకోమనండి. మిల్లు పెట్టాలా వద్దా అన్న మాట ఆ నెలల్లో ఇంట్లో ఎవరూ ఎత్తవద్దు. సీజను అయ్యాక, అదీ నాన్నగారే ఎత్తితే, అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి.